ఎదుర్కోలు

"మీ అబ్బాయి ఎప్పుడు చూసినా పాము మీద పడుకునే ఉంటాడటగా? లేచి ఏదైనా పనిచేసే అలవాటుందా?" అంది లెక్కల టీచరు.

టైర్ల కొట్టు పైనున్న ఆ చిన్న గుడి హాలంతా గొల్లుమంది.

"లోకాలన్నీ నడిపేది మావాడేనమ్మా! పడుకునే నడుపుతాడు," అన్నాడు బస్సు డ్రైవరు మీసం దువ్వుకుంటూ. "నేనేమో ముప్ఫై ఏళ్ళు కూర్చుని నడిపాను. ఆమాత్రం తేడా ఉంటుంది."

దేవుడి పెళ్ళికి ముందు ఎదుర్కోలంటే ఇదే. భక్తులు రెండు పక్షాలై, మా పిల్ల గొప్పంటే మా పిల్లాడు గొప్పని కాసేపు వాదులాడుకుని, చివరికి తాంబూలాలు మార్చుకుంటారు. ఆడపెళ్ళివారి పెద్దగా టీచరును, మగపెళ్ళివారి పెద్దగా డ్రైవరును కూర్చోబెట్టిన పంతులుగారి ధైర్యానికి దణ్ణం పెట్టాలి. ఆ ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. పోయినేడు భజనలో టీచరు శ్రుతి తప్పిందని డ్రైవరు నోరు జారాడు. దాంతో ఆవిడ కూతురికీ, ఈయన కొడుక్కీ కుదరబోయిన సంబంధం కాస్తా గోవిందా అయింది. ఒకరంటే ఒకరికి ప్రాణమైన పిల్లలిద్దరూ పాపం అప్పటినుంచీ మొహాలు వేలాడేసుకుని తిరుగుతున్నారు. ఇవాళ మాత్రం ఆ అమ్మాయి పళ్ళెంతో తల్లి వెనకా, ఆ అబ్బాయి మైకుతో తండ్రి వెనకా బుద్ధిగా నిలబడ్డారు.

"మీ అమ్మాయికి మాత్రం నిలకడేదీ? ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో!" అన్నాడు డ్రైవరు.

"అది ఇంట్లోవాళ్ళ బుద్ధిని బట్టి ఉంటుంది. అయినా పెళ్ళయ్యాక మా పిల్లని కాపురానికి తీసుకెళ్ళకుండా, మా పాలసముద్రంలోనే ఇల్లరికం తిష్ఠ వేసిందెవరండీ?"

డ్రైవరుకి నవ్వాగలేదు. ఆయన్ని చూసి టీచరుకీ ఆగలేదు. ఇద్దరూ కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు.

"ఓడిపోయానమ్మా వియ్యపురాలుగారూ! ఇంత మంచి ఇంటితో సంబంధం వదులుకుంటామా?"

"శుభం! గోత్రాలు చెప్పండి," అని అందుకున్నారు పంతులుగారు.

"ఎవరివి?"

"మీవేనండీ. పెళ్ళిపెద్దలు మీరేగా!"

చెప్పారు. "మా అమ్మాయిని మీ అబ్బాయికి ఇస్తున్నాం," అని టీచరు మైకులో మూడుసార్లు అంది. "మా ఇంటి కోడలిగా చేసుకుంటున్నాం," అని డ్రైవరు అంతకంటే గట్టిగా మూడుసార్లు అన్నాడు. తాంబూలాలు చేతులు మారాయి. చప్పట్లే చప్పట్లు. ఏడాదిగా మోసిన కోపం దిగిపోయి టీచరు ప్రాణం హాయిగా తేలికపడింది.

"ఇంతకీ గర్భగుడి తెర తియ్యరేం పంతులుగారూ? పెళ్ళికొడుకునీ, పెళ్ళికూతుర్నీ కళ్ళారా చూడనివ్వండి," అన్నాడు డ్రైవరు.

పంతులుగారు ఓసారి ఆ అమ్మాయి వంకా, ఓసారి ఆ అబ్బాయి వంకా చూసి గొంతు సవరించుకున్నారు.

"స్వామివారి ఎదుర్కోలు రేపండీ."