పొలుసుకి పొలుసు

కట్టెలమోపు కింద తాచుపాము విడిచిన కుబుసం పడి ఉంది. ఎలుకపిల్ల ఒకటి అందులో దూరి, సరిగ్గా కడుపు దగ్గర ముడుచుకుని పడుకుంది. ఎంత పిలిచినా లేవలేదు. తల్లి కుబుసం చుట్టూ గిరగిరా తిరిగింది.

"కంగారెందుకొదినా? అది పాము కాదు, పాము తోలు. పాముతో పొలుసుకి పొలుసు సరిపోతుంది, అంతే!" అంది తొండ తలూపుతూ.

"పొలుసుకి పొలుసుంటే కడుపుకి కడుపూ ఉంటుందిగా!" అంటూ తల్లి కుబుసాన్ని పళ్లతో చీల్చి పిల్లని బయటికి లాగింది.

"ఖాళీ తోలుకి కడుపేంటి, నీ పిచ్చిగానీ!" అని తొండ నవ్వుతుండగానే, గోడ అవతల తాచు బుసకొట్టి గిలగిలా కొట్టుకుంది. తొండ గోడెక్కి చూసింది. పాము కడుపు మీద ఎలుక పళ్ల గాటు, నెత్తురు. తొండ తల ఊగడం ఆగిపోయింది.

పిల్ల కళ్లు నులుముకుంది. "ఎందుకు లేపావమ్మా? లోపల ఎంత వెచ్చగా ఉందో! గుండె చప్పుడు కూడా వినిపించింది."