జానెడు దూరం

"కళ్ళు మూసుకో. ఊపిరి నెమ్మదిగా వదులు," అంటూ అక్క తన అరచేతులను మంచం మీద పడుకున్న చెల్లెలి గుండెకు జానెడు ఎత్తున గాలిలో నిలిపింది. ఒంటిని తాకకుండా చేసే శక్తి చికిత్స ఆమె వృత్తి. ఆ మంచం మీద పడుకుని హాయిగా నిద్రపోయిన వాళ్ళు ఎందరో.

చెల్లెలికి మాత్రం, కాన్పులో బిడ్డ పోయినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు.

"వెచ్చగా ఏమైనా తెలుస్తోందా?"

"లేదక్కా."

"పోనీ, ఒళ్ళు తేలికపడిందా?"

"తేలిక్కేం? కడుపు ఖాళీయేగా."

"మనసు అటు పోనీకే. వెలుగును తలుచుకో," అంది అక్క, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చేతులెందుకక్కా అంత దూరంగా పెడతావ్? ఇంట్లోనూ ఇంతే. ఆయన మంచం అంచున ముడుచుకుంటారు. అత్తయ్య కాఫీ గ్లాసు చేతికివ్వకుండా పక్కన పెట్టేసి వెళ్ళిపోతారు. నేనేమన్నా గాజుబొమ్మనా?"

"ఈ పద్ధతే అంతేనే..."

"పద్ధతి వద్దు. ఒక్కసారి ముట్టుకో."

అక్క చేతులు దించింది. అరచేతుల కింద రవికె తడిగా, వెచ్చగా తగిలింది. పాలు.

"ఆగట్లేదక్కా," అంది చెల్లెలు కళ్ళు తెరవకుండానే. "వాటికింకా తెలీదు."

అక్క చేతులు తియ్యలేదు.