టూరు పాఠం

“థాయ్‌లాండ్ ఎందుకెళ్తున్నావ్?” కటువుగా అడిగింది షాలిని.

“ఉజ్జోగానికండి,” అన్నాడు నవీన్.

డేవిడ్‌రాజు మాస్టారు చేతిలోని పుస్తకంతో బల్ల మీద ఒక్కటిచ్చాడు. “టూరుకిరా, టూరుకి! ఉద్యోగమన్నావంటే ఎయిర్‌పోర్టులోంచే వెనక్కి పంపేస్తారు. మళ్ళీ చెప్పు!”

చీపురుపల్లిలో మాస్టారి వరండా అది. ఆ వరండాలో ఆయన కూతురు షాలినే ఇమిగ్రేషన్ ఆఫీసరు. తన పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఆఫీసులో తననెలా అడిగారో అచ్చం అలాగే, మొహం వంక చూడకుండా ముక్కుతో అడుగుతుంది. తప్పు పట్టడం తండ్రి వంతు. కుర్రాళ్ళను పంపేది వినోద్ అనే ఏజెంటు. వాళ్ళు వెళ్ళేది ఏదో కంపెనీలో కంప్యూటర్ పనికి, చెప్పాల్సింది మాత్రం దీవులు చూడ్డానికని. ఆదివారం బడిలో సత్యమే పలకమని పిల్లలచేత బైబిలు వాక్యాలు కంఠతా పట్టించే మాస్టారు, సోమవారం నుంచి ఈ అబద్ధాన్నీ అంత శ్రద్ధగానే కంఠతా పట్టించేవాడు. పొట్టకూటి అబద్ధం, దేవుడు పెద్దగా పట్టించుకోడని ఆయన ధీమా.

“బ్యాంకాక్‌లో రెండు రోజులు. తర్వాత?” షాలిని అడిగింది.

“ఫుకెట్టండి.”

“అక్కణ్ణించి పీపీ దీవికి ఎలా వెళ్తావు?”

“బస్సుకి.”

“దీవికి బస్సేట్రా, నీ మొహం!” మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. “పొద్దున్న పడవ. రెండు గంటలు. దీవిలో ఒక రాత్రి. మర్నాడు ఇంకో పడవలో క్రాబీ. ఒరే, నాలుగు రోజుల్నుంచీ ఇదే పాట!”

“సూర్యాస్తమయం ఎక్కణ్ణించి చూస్తావు?” షాలిని వదల్లేదు.

“మా కళ్ళంలోంచి బాగానే అవుపిస్తాది మేడం.”

షాలిని పకపకా నవ్వి, పాటల ప్రాక్టీసుకు వేళయిందని చర్చికి వెళ్ళిపోయింది. మాస్టారికి నవ్వు రాలేదు. ఎల్లుండి రాత్రికే ప్రయాణం. ఇంతవరకు ఆయన చేతికింద పదకొండు మంది వెళ్ళారు. ఒక్కడూ వెనక్కి రాలేదు. ఆ మాట ఆయన ఊరంతా గర్వంగా చెప్పుకునేవాడు.

నవీన్‌ని మొహం కడుక్కు రమ్మని నూతి దగ్గరికి పంపాడు. అంతసేపూ గేటు దగ్గర నిలబడ్డ నవీన్ పెళ్ళాం ఈశ్వరి గబగబా మెట్లెక్కి వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంది.

“మేస్టారు బాబూ, ఈయన్ని ఫెయిలు సేసీండి.”

“ఇదేటమ్మా?”

“మా ఊరి కూర్మమ్మ కొడుకు సోములు నిన్న ఈడియో కాల్లో అవుపించినాడు. అది కంపెనీ కాదట బాబూ. కారెక్కించి, బోర్డరు దాటించి అమ్మీసినారట. రోజంతా ఫోన్లు సేసి మనలాంటోల్నే ముంచాల. సెయ్యనంటే కరెంటు పెడతన్నారు. సేతిలో రెండు వేళ్ళకి గోళ్ళు నేవు. తిన్నావా నాయనా అని తల్లడిగితే ఏడిసీసినాడు.”

“సోములా?” అన్నాడు మాస్టారు. “వాడు రెండు రోజుల్లో అంతా అప్పజెప్పాడే!”

“అదే సెప్తన్నాను. ఆడూ మొద్దయ్యుంటే బతికిపోయీవోడు. ఈయన నా మాట నమ్మడు, కుళ్ళుకుంటన్నానంటాడు. మీరు పనికిరావంటే ఆగిపోతాడు.”

పదకొండు మొహాలూ మాస్టారి కళ్ళముందు తిరిగాయి. నవీన్ మొహం తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన వినోద్‌కు ఫోన్ చేస్తున్నాడు.

“నవీన్ పనికిరాడు. నోరు తిరగదు. పంపకు.”

“అలాగంటే ఎలా మాస్టారూ? ఒక్కరు తగ్గినా అక్కడోళ్ళు నన్ను బతకనివ్వరు!”

“ఇక మీదట నా గడప తొక్కకు. ఎవర్నీ పంపకు,” అని కట్ చేశాడు.

నవీన్ ఏడుపు మింగుకుంటూ వెళ్ళిపోయాడు. ఈశ్వరి వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఒక్కణ్ణయినా కాపాడానని మాస్టారి గుండె కాస్త తేలికపడింది.

సాయంత్రం షాలిని వస్తూనే అడిగింది. “వినోద్ ఫోన్ చేశాడు. నవీన్‌ని వద్దన్నావట, ఎందుకు నాన్నా?”

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. పదకొండు మందిని నా నోటితోనే నరకానికి పంపానని కన్నకూతురితో ఎలా అనడం?

“వాడికి నోరు తిరగదమ్మా. బంగారంలాంటి ఉద్యోగం. అదృష్టం లేదు, అంతే.”

“పాపం,” అంది షాలిని. పాటల పుస్తకం బల్లమీద పెట్టి, “రేపు విశాఖలో చర్చి యౌవనస్థుల కూటం ఉంది నాన్నా. మూడు రోజులు. వెళ్ళనా?” అంది.

తెల్లారి బయల్దేరే ముందు, ఆ ఇంటి అలవాటు ప్రకారం ఆయన కూతురి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. బిడ్డను క్షేమంగా గమ్యం చేర్చమని ప్రభువును వేడుకున్నాడు. షాలిని కళ్ళు తుడుచుకుంటే, మూడు రోజులకే ఇంత బెంగేమిటని వేళాకోళం చేశాడు.

ఆ రెండు రోజులూ ఆయనకు ముద్ద దిగలేదు. ఎలాగో ఒక నిర్ణయానికొచ్చాడు. కూతురు రాగానే ముందు తన తప్పు దానికి చెప్పుకోవాలి. తర్వాత కూర్మమ్మను తోడు తీసుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళి, తనను జైల్లో పెట్టినా సరే, పదకొండు పేర్లూ రాయించాలి.

మూడోనాడు మధ్యాహ్నం ఒక తెల్లకాగితం తీసి పైన సోములు పేరు రాస్తుండగా షాలిని దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. కూటం ముగిసింది కాబోలనుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“నాన్నా, కోప్పడకు, నవీన్ సీటులో నేనొచ్చేశాను; ఇమిగ్రేషన్ ఆఫీసరు ఎన్ని అడిగినా నీ కూతురు ఒక్క మాట తడబడలేదు, ఇప్పుడే కంపెనీ వాళ్ళ కారెక్కాను!”