ముందు వరసలో కుడి చివర

"పిన్నీసు పళ్ళమధ్య పెట్టుకుని మాట్లాడకే. నువ్వు మింగావంటే ఈ బట్టలతో నేను ఆస్పత్రికి రాలేను," అంది పళ్ళ డాక్టరు.

టెస్టరు పిన్నీసు నోట్లోంచి తీసి, నడుముకు చుట్టుకున్న బిళ్ళల పట్టీకి గుచ్చింది. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. డాన్సు బృందంలో ఆమె పేరూ అదే అయిపోయింది. వారం రోజులు తప్పులు పట్టి పట్టి కళ్ళు మండుతున్నాయి. అయినా శనివారం మధ్యాహ్నం మూడింటికి, పార్కు సంబరాల్లో, స్టేజీ వెనక డేరాలో, కూర్చుంటే కాలే ఇనప కుర్చీ పక్కన నిలబడి బెల్లీ డాన్సుకు తయారవుతోంది.

"ఇదే ఆఖరు," అంది.

"పోయినసారీ అదే అన్నావు," అంది బ్యాంకు అక్క, చేతద్దంలో కాటుక దిద్దుకుంటూ.

"పోయినసారి మీతో అన్నాను. ఈసారి టీచర్‌తోనే చెప్పేస్తా."

"ఎందుకే? బాగానే తిప్పుతున్నావు కదా నడుము."

"బాగా తిప్పితే నన్ను ముందుకెందుకు లాగుతారక్కా?"



ఈ బృందానికి ముందుగా అనుకున్న అడుగులంటూ ఉండవు. ముందు వరసలో ఎడమ చివర టీచరు నిలబడుతుంది. పాటను బట్టి అప్పటికప్పుడు ఆమె ఏ అడుగు వేస్తే, మిగతా ముగ్గురూ రెప్పపాటులో అదే వేస్తారు. చూసేవాళ్ళకి మాత్రం నెలల తరబడి కలిసి సాధన చేసినట్టుంటుంది. టెస్టరు చేరినప్పట్నుంచీ వెనక వరసలో సుఖంగా ఉండేది. ఏడాది కిందట ఒకరోజు టీచరు ఆమె భుజం పట్టుకుని తీసుకొచ్చి, ముందు వరసలో కుడి చివర, తనకి బాగా కనపడేలా నిలబెట్టింది.

"నువ్వు నా కళ్ళెదురుగా ఉండాలి," అంది. అంతే, ఎందుకో చెప్పలేదు.

ఆ రోజునుంచి క్లాసులోనైనా, స్టేజీ మీదైనా టీచరు చూపు ఆమె నడుము మీదే.

"నా దగ్గరికొచ్చే పేషెంట్ల పళ్ళని కూడా నేనంతలా చూడను," అంటుంది పళ్ళ డాక్టరు.

డేరా పరదా తొలగించుకుని టీచరు వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, వీపు కర్రలా నిటారుగా ఉంటుంది. వెనకాలే మైకు ఆయన.

"మేడమ్, మీ పాట ఏ నంబరు? మేడమ్, మిమ్మల్నే."

టీచరు వెనక్కి తిరగలేదు. తనే వెళ్ళి పళ్ళ డాక్టరు జడలోని పువ్వు సరిచేసింది. మైకు ఆయన కాసేపు చూసి, "ఎంత పెద్ద కళాకారులైతే మాత్రం," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"పదండి," అంది టీచరు, డేరా అంతా దద్దరిల్లేలా.

స్టేజీ చెక్కలు అరికాళ్ళని చురచుర కాల్చాయి. ఎదురుగా ఓ నలభై మంది. ముందు వరసలో ఒకాయన టోపీ ముఖం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు. టీచరు చేతులు పైకెత్తింది. పాట మొదలైంది.

అది వాళ్ళ పాట కాదు. వాళ్ళది నెమ్మదిగా సాగే వేణువు పాట. వచ్చింది వేరే ఎవరిదో డప్పుల మోత.

టీచరు చెక్కుచెదరలేదు. వేణువు పాటకి తగ్గట్టు నిదానంగా నడుము తిప్పడం మొదలుపెట్టింది. డప్పులు అదరగొడుతుంటే నలుగురు ఆడవాళ్ళు నీళ్ళలో నడుస్తున్నట్టు కదులుతున్నారు. జనంలో ఎవరో నవ్వారు.

'ఏం మొండితనం తల్లీ,' అనుకుంది టెస్టరు. ఎనిమిది లెక్కలు ఓపిక పట్టింది. తొమ్మిదో లెక్కకి ఆమె నడుము ఆమె మాట వినలేదు. డప్పుల వేగానికి తగ్గట్టు అదరడం మొదలుపెట్టింది. బిళ్ళలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

టీచరు కళ్ళు ఆమె మీద పడ్డాయి. మరుక్షణం టీచరు నడుమూ అదిరింది. ఆ వెంటనే మిగతా ఇద్దరివీ. పాట చివరి దెబ్బకి నలుగురూ ఒక్కసారే ఆగిపోయారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. టోపీ ఆయన కూడా లేచి, ఎందుకో తెలియకుండానే కొట్టాడు.

డేరాలోకి రాగానే బ్యాంకు అక్క టీచర్ని కౌగిలించుకుంది. "ఏం సమయస్ఫూర్తి టీచర్ మీది. నేనైతే దిగిపోయేదాన్ని."

"కావాలనే నెమ్మదిగా మొదలుపెట్టారు కదూ," అంది పళ్ళ డాక్టరు.

టీచరు నవ్వింది. ఇద్దరూ నిమ్మరసం తేవడానికి వెళ్ళారు. టెస్టరు పట్టీ విప్పి కింద పడేసి, టీచరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"టీచర్, నేను మానేస్తున్నాను."

టీచరు ఆమె పెదాల మీదినుంచి చూపు తిప్పలేదు.

"ఏడాదిగా నన్నొక్కదాన్నే చూస్తున్నారు. ఇంట్లో గిన్నెలు తోముకుంటున్నా మీ కళ్ళు వెంటే ఉన్నట్టుంటుంది. వారమంతా నేను తప్పులు పడతాను, వారాంతం మీరు నావి పడతారు. ఇంక నావల్ల కాదు. ఇవాళ కూడా మీ అడుగు వదిలేసి నా ఇష్టం వచ్చినట్టు చేశాను. మీకు కోపం రావడం న్యాయమే."

"ఇవాళ నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

"మరి ఇవాళా అలాగే చూశారేం?"

టీచరు కుర్చీలో కూర్చుంది. ఇందాకటి నిటారు వీపు మెల్లగా వంగింది. ఎదురుగా ఉన్న పిల్ల చెయ్యి పట్టుకుని, ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నాకు పాట వినపడక ఏడాదయిందే."