ఉదాహరణ

తెలంగాణ బంద్ రోజు. దిల్‌సుఖ్‌నగర్‌లోని తన కోచింగ్ సెంటర్‌లో షట్టర్ దించి మరీ జీఆర్ఈ క్లాసు చెబుతున్నారు జోగారావు సార్.

“చర్ల్. ఇప్పుడెవరూ వాడని పాత ఇంగ్లీషు మాట. పరీక్షలో మాత్రం అడుగుతాడు. మోటు మనిషి అని అర్థం. ఉదాహరణకి, మన బిల్డింగ్ ఓనర్.” గొంతు బొంగురు చేశారు. “ఏందయా సారూ, గా మోటర్ గట్లనే ఇడిసిపెట్టినవేంది?”

పదేళ్లుగా ప్రతి బ్యాచూ ఇక్కడ పడీ పడీ నవ్వేది. ఇవాళ ఒక్కరూ నవ్వలేదు.

ముందు బెంచీలోంచి సుష్మిత లేచింది. కర్మన్‌ఘాట్ రైతుల ఇంటి పిల్ల.

“డిక్షనరీల చూసిన సార్. ఆ మాటకు మొదట్ల రైతు అనే అర్థమంట. మరి తిట్టు ఎట్లయింది?”

“అది పరీక్షకి రాదమ్మా. కూర్చో.”

ఆమె కూర్చోలేదు.

వీధిలో నినాదాలు దగ్గరయ్యాయి. షట్టర్ మీద దబదబా దెబ్బలు పడ్డాయి.

“బంద్ నాడు క్లాసులేంది? ఎవలది గీ సెంటర్? లోపట సార్ ఎవలో మాట్లాడుండ్రి!”

“వస్తున్నానండీ” అనబోయి జోగారావు నోరు మూసుకున్నారు. తను కోస్తావాడని తెలియడానికి ఆ ‘అండీ’ ఒక్కటి చాలు. ఓనర్ గొంతు తెచ్చుకోబోయారు. ఇన్నేళ్లూ అడక్కుండానే వచ్చిన యాస, ఇప్పుడు ఒక్క ముక్కా రాలేదు.

షట్టర్ కింది సందులోంచి వేళ్లు లోపలికి వచ్చాయి.

క్లాసంతా ఆయన వైపే చూస్తోంది.

“చెప్పుండ్రి సార్” అంది సుష్మిత మెల్లగా. “మీకొస్తది గద, మా భాష.”