చాటలో పిల్ల

నర్సు చాటతో సహా పిల్లను ఎత్తుకుపోయి, అర్రలోకి దూరి, లోపల గొళ్లెం పెట్టుకుంది.

భూమవ్వ చేతిలో నూకల ముంత అట్లాగే ఉండిపోయింది. కోడలు సారక్కకు పుట్టిన పిల్లలు పురుట్లోనే పోతున్నారు. ఈ ఆడపిల్లయినా దక్కాలని, రివాజు ప్రకారం చాటలో పడుకోబెట్టి పరాయి మనిషి చేతికిచ్చి, "గీ పిల్ల మాకద్దు, నీకు అమ్ముతున్న" అంది. వెంటనే నూకలు పోసి మళ్లీ కొనుక్కోవాలి. అట్లా కొన్న పిల్ల జోలికి చావు రాదంటారు. మంచిర్యాల మిషన్ దవాఖానలో, సముద్రాలు దాటొచ్చిన మేవిస్ నర్సు కన్నా పరాయి మనిషి ఎవరుంటారు? తెలుగు నాలుగు ముక్కలు నేర్చుకుంది కూడాను.

భూమవ్వ తలుపు కొట్టింది. పలుకు లేదు. లోపల పిల్ల ఏడ్చింది, కాసేపటికి ఆ ఏడుపు కూడా ఆగిపోయింది. కొన్నాను కదా, ఇక నాదే అంటుందేమో ఈ నర్సు. ఓడెక్కించి తీసుకుపోతే ఎవరు ఆపుతారు?

మంచం మీద నుంచి సారక్క గోడ పట్టుకుని లేచింది.

"అత్తా, నా బిడ్డేది?"

భూమవ్వ పోయి కంపౌండర్ దేవదాస్‌ను పిలుచుకొచ్చింది. అతను ఫికర్ చేయొద్దన్నాడు. ఆమెది జమైకా అనే దీవి అనీ, జర్మనీతో జరిగిన పెద్ద లడాయి తర్వాత పనికి మనుషులు కరువైన లండన్ దవాఖానలో ఏండ్ల తరబడి చేసిందనీ చెప్పాడు. నల్ల చేతులతో ముట్టుకోవద్దన్న తెల్లవాళ్లకే పుండ్లు కడిగి కట్లు కట్టిందట. ఆమె అద్దెకు అర్ర అడిగితే మాత్రం మొహం మీదే తలుపు వేసేవాళ్లట.

"గా పగ మా మీద తీర్సుకుంటున్నదా?" అంది భూమవ్వ.

దేవదాస్ తలుపుకు నోరానించి ఇంగ్లీషులో అడిగాడు. లోపలి నుంచి ఏడుపు కలిసిన జవాబు వచ్చింది. వింటున్నకొద్దీ అతని మొహం మాడిపోయింది.

"తల్లి ఒక్కతే రావాల్నట. నువ్వు మాత్రం దగ్గరికి రావద్దట."

సారక్క తడబడుతూ పోయింది. తలుపు జానెడు తెరుచుకుంది. నల్లటి చెయ్యి ఆమెను లోపలికి లాక్కుంది. ఆ సందులోంచి చూసింది భూమవ్వ. పిల్ల నర్సు గుండెల మీద నిద్రపోతోంది. నర్సు పిల్లను తల్లి ఒడిలో పెట్టి, ఇద్దరికీ అడ్డంగా, కోడిపెట్ట లెక్క నిలబడింది. ఖాళీ చాటను కాలితో బయటికి తోసింది. భూమవ్వ ఒక అడుగు వేయగానే, రెండు చేతులూ అడ్డం చాచి వెనక్కి జరిగింది.

"నన్ను జూసి గామె ఎందుకు బయపడుతున్నది, దేవదాసూ?"

అతను ఖాళీ చాటను తీసి గోడకు ఆనించాడు.

"నేనుండంగ గీ పిల్లను అమ్మనియ్య అంటున్నది, భూమవ్వా. వాళ్ల అవ్వకు ముత్తవ్వను గిట్లనే పసిపిల్లప్పుడు తల్లి కాడికెల్లి తెల్లదొరలు బానిసగ అమ్మిన్రట. మళ్ల కొనుక్కునెటందుకు ఎవ్వలు రాలేదట."