సూపర్‌వైజర్‌కు తగినవాడు

లక్ష్మీప్రియ అప్లికేషన్ కవరు తెచ్చి శివకుమార్ బల్ల మీద పెట్టింది. పెట్టి వెంటనే వదల్లేదు. రెండు వేళ్లతో అలాగే పట్టుకుని నిలబడింది.

"అన్నా, ఈ ఉద్యోగం వస్తేనే మా ఇల్లు గడిచేది. శుక్రవారమే ఆఖరంట. జాగ్రత్తగా సూడన్నా."

"నా చేతిలో పెట్టినావు గదమ్మా, ఇంక యాల దిగులు? పో, పోయి బస్సెక్కు."

ఆ పిల్ల దండం పెట్టి సదుం బస్సు కోసం పరిగెత్తింది. ఆమె మలుపు తిరగ్గానే శివకుమార్ పెదవి విరిచాడు.

పుంగనూరులో అందరికీ ఇదే జబ్బు పట్టుకుంది. మదనపల్లెలో టమాటా గుజ్జు ఫ్యాక్టరీ పెడుతున్నామనీ, ఒక సూపర్‌వైజర్ కావాలనీ బెంగళూరు కంపెనీ ఒకటి 2001 వేసవిలో పేపర్లో ప్రకటన ఇచ్చింది. అప్పట్నుంచీ తగుదునమ్మా అని ప్రతివాడూ ఒక అప్లికేషన్ పట్టుకుని అతని కొరియర్ బల్ల దగ్గరికి రావడమే.

అసలు ఆ ప్రకటనే వీళ్లను చెడగొట్టింది. అనుభవం అక్కర్లేదట. ఇంతవరకు చేసింది ఏ పనైనా సరే, అందులో నేర్చుకున్నది ఈ ఉద్యోగానికి ఎలా పనికొస్తుందో ఉత్తరంలో రాస్తే చాలట. వయసు మాత్రం ముప్పై దాటకూడదట. ఇంకేం, ఉట్టికెగరలేనమ్మలందరూ స్వర్గానికి ఎగరడానికి కొంగులు బిగించారు.

శివకుమార్‌కు వచ్చే నెలతో ముప్పై నిండుతాయి. ఇది తప్పితే ఇక బతుకంతా ఈ కుర్చీలోనే, ఈ జిగురు సీసా ముందే. తను కూడా రాద్దామని వారం నుంచి కూర్చుంటున్నాడు. 'అయ్యా' అని రాశాక కలం ముందుకు సాగడం లేదు.

సాయంత్రం, గత మూడు రోజుల్లో వచ్చిన అప్లికేషన్లన్నీ సంచీలో వేసుకుని ఇంటికి వెళ్లాడు. పొయ్యి మీద గిన్నె నిండా నీళ్లు పెట్టాడు.

"ఇద్దరి టీకి అన్ని నీళ్లు యాల?" అంది భార్య మునీశ్వరి.

"నీ పని నువ్వు సూసుకో."

తర్వాత ఆవిరి మీద కవర్లు ఊడదీసి, టీ తాగుతూ ఒక్కొక్కటే చదివాడు.

మొదటిది మునిచంద్రది. టమాటా మండీలో వేలం పాడే మనిషి. 'రైతు ముఖం చూస్తే ఎంతకు ఒప్పుకుంటాడో, వ్యాపారి ముఖం చూస్తే ఎంతదాకా వస్తాడో నాకు తెలిసిపోతుంది' అని రాశాడు.

"గొంతు చించుకోవడం కూడా ఒక చదువేనంట!" శివకుమార్ నవ్వాడు. నవ్వుతూనే ఆ వాక్యాన్ని తన కాగితంలోకి ఎక్కించాడు. రైతునూ వ్యాపారినీ తీసేసి, 'మనిషి ముఖం చూస్తే మనసు తెలిసిపోతుంది' అని దిద్దాడు.

రెండోది మారప్పది. శాంతిపురం నుంచి పుంగనూరుకు ఇల్లరికం వచ్చినవాడు. కుప్పం అడవి పక్క చేలల్లో ఏనుగులు పడకుండా డబ్బా వాయించుకుంటూ కాపలా కాశాడట. 'ఏనుగు ఎదురొచ్చినా నేను పరిగెత్తను, నా పక్కవాళ్లను పరిగెత్తనివ్వను' అట.

"ఫ్యాక్టరీకి ఏనుగులొస్తాయనుకున్నాడేమో, ఎద్దు." కానీ ఆ ధైర్యం వదిలేయడానికి మనసొప్పలేదు. 'ఎంత ఆపదలోనైనా నా మనుషులను చెదరనివ్వను' అని రాసుకున్నాడు.

మూడోది లక్ష్మీప్రియది. ఊళ్లో పొదుపు సంఘం నడుపుతోంది. 'ఒకరి మొహం ఒకరు చూసుకోని పదిహేనుమందిని ఒక్క మాట మీద నిలబెట్టాను. ఎవరినీ కించపరచలేదు' అని రాసింది. కింద, నాన్న మంచంలో ఉన్నాడనీ, ఇంట్లో సంపాదించే దిక్కు తనేననీ రాసింది. శివకుమార్ ఆ ఏడుపును ఏడుపుకే వదిలేసి, పైదంతా తీసుకున్నాడు.

మునీశ్వరి గడపలో నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది.

"సొమ్మొకడిది, సోకొకడిది. నీ గురించి నువ్వేం రాసినావు?"

"రాస్తా."

"ఏం రాస్తావు? పొద్దస్తమానం కుర్చీలో కూచోను వచ్చుననా?"

"ఇట్లాంటోళ్లకు ఆ ఉద్యోగం ఇస్తే ఫ్యాక్టరీ మూతబడతాది. మాటలు వాళ్లవైతే ఏమి? వాడుకునే తెలివి నాది."

"ఆ పాప నిన్ను నమ్మి ఇచ్చిపోయింది గదా."

"నమ్మినోళ్లందరికీ ఉద్యోగాలొస్తే, ఈ పాటికి ఊరంతా ఆఫీసర్లే ఉంటారు."

ఆ పూట మునీశ్వరి సంగటి తను తిని, అతనిది గిన్నెలోనే వదిలేసింది. ఇలాంటి మనిషికి వడ్డించాలంటే చెయ్యి రాలేదు ఆమెకు.

శివకుమార్‌కు ఆకలే గుర్తులేదు. పూర్తయిన ఉత్తరం చదువుకుంటుంటే ఒళ్లు పులకరించింది. తనింత గొప్పవాడని ఇన్నాళ్లూ తనకే తెలియలేదు. కంపెనీవాళ్లు కళ్లకద్దుకుని పిలుస్తారు, సందేహం లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఉత్తరాన్ని కవరులో పెట్టి, నాలుగంచులూ అంటించి సాగనంపాడు. మిగతావాళ్లవి ఇంట్లోనే ఉండిపోయాయి.

మధ్యాహ్నం బజారులో లక్ష్మీప్రియ ఎదురైంది.

"అన్నా, నాది..."

"అంతా అయిపోయిందమ్మా. నిన్ననే."

"నీ మేలు మర్చిపోనన్నా," అంది ఆ పిల్ల, కళ్లు తుడుచుకుంటూ. ఎంత వెర్రిబాగుల మనుషులో అనుకుంటూ అతను ముందుకు నడిచాడు.

అదే సమయానికి మదనపల్లె కొరియర్ ఆఫీసులో, తమ పుంగనూరు బ్రాంచి గుమస్తా శివకుమార్ పంపిన సంచీలోంచి బెంగళూరు కంపెనీ పేరున్న ఆ ఒక్క కవరునూ ఏరి, విప్పి చదివిన సుబ్రహ్మణ్యం, 'కవర్లు అంటించుకునేవాడికి ఎంత ఆశ!' అని మూతి తిప్పుకుని, బాగున్న వాక్యాలన్నీ తన అప్లికేషన్‌లోకి ఎక్కించుకున్నాడు.